ఉమ్మితే యుద్ధం

గట్టుకు అటు వడక్కూరు మగవాళ్ళు, ఇటు తెక్కూరు మగవాళ్ళు. అందరి చేతుల్లోనూ కొడవళ్ళు, కర్రలు. ఇంకా ఎవరి తలా పగలకపోవడానికి కారణం ఒక్కటే. రెండు ఊళ్ళ పెద్దలూ ఒకరి క్షేమం ఒకరు అడగడం ఇంకా పూర్తి కాలేదు.

"సౌక్యమా బావా?" అన్నాడు వడక్కూరు రంగసామి నాయకర్, రెండు చేతులూ జోడించి.

"మీ దయ బావా. మీ మోకాలి నొప్పి ఎట్లుండాది?" అన్నాడు తెక్కూరు లక్ష్మణసామి నాయకర్, ఇంకాస్త వంగి.

"తగ్గింది. మీ ఎర్రావు ఈనిందా?"

"ఈనింది బావా. కోడెదూడ."

"సంతోసం," అన్నాడు రంగసామి. ఆయన వెనకాల ఒకడు కొడవలి పదును బొటనవేలితో చూసుకుంటున్నాడు.

పత్తిచేలో అడ్డంపడి పరుగెత్తి వస్తోంది బొమ్మక్క. రంగసామికి చెల్లెలు, లక్ష్మణసామికి పెళ్ళాం. ఈ పూట ఎవరు గెలిచినా ఆమెకు నష్టమే. అన్నయినా పోతాడు, మొగుడైనా పోతాడు.

తమిళనాట కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న నల్లరేగడిలో ఇంతగా గౌరవించుకునే మనుషులు మరోచోట దొరకరు. అసలు పగ పుట్టిందే గౌరవం వల్ల. కొన్నేళ్ళ కిందట విరుదునగర్‌లో పత్తి మిల్లు గేటు ముందుకు ఇద్దరి బళ్ళూ ఒకేసారి చేరాయి. "ముందు మీరు బావా" అన్నాడొకడు. "అయ్యో, మీరుండగానా" అన్నాడు రెండోవాడు. చీకటి పడేదాకా ఎద్దు కదల్లేదు. గేటు మూశారు. వాన పడింది. పత్తంతా ముద్దయింది. బావ కావాలనే మర్యాద చేసి తన కొంప ముంచాడని ఇద్దరూ చెప్పుకున్నారు. ఆనాటి నుంచి మాటల్లేవు, విందుల్లేవు. బొమ్మక్క పుట్టింటి గడప తొక్కలేదు, కన్నతల్లి ముఖం చూడలేదు.

రెండిళ్ళ మధ్య మిగిలిన ఆచారం ఒక్కటే, కొట్లాట. దానికీ పద్ధతి ఉంది. కయ్యం కోరేవాడు తాంబూలం పళ్ళెం పంపాలి. రెండు ఊళ్ళకూ ఆ పని చేసే పొన్నయ్య దాన్ని అవతలివాడి అరుగు మీద పెట్టి, నోరెత్తకుండా వెళ్ళిపోతాడు. నువ్వే పంపావా అని ఎవరూ అడగకూడదు. అడిగితే నీకంత ధైర్యముందా అన్నట్టే. తరవాత పెద్దలిద్దరూ గట్టు మీద కలిసి, క్షేమం అడిగి, వక్కా ఆకూ నోట పెట్టుకుంటారు. నమిలి ఉమ్మితే యుద్ధం.

పొద్దున పళ్ళెం వచ్చినప్పుడే బొమ్మక్క మొగుణ్ణి నిలదీసింది. "పత్తి విచ్చిండాది. ఏరే కాలంలో మా అన్న కొట్లాటకు పంపతాడా? పోయి అడుగు."

"అడిగితే మీ అన్నకు అవమానం."

"అవమానం చేయకూడదు, నరికితే పరవాలేదా?"

"అదే మరియాద," అని లక్ష్మణసామి మీసం దువ్వుకున్నాడు.

గట్టు పక్కన గొడుగు కింద విరుదునగర్ మాస్టరు గోపాలకృష్ణన్ నిలబడి ఉన్నాడు. పరస్పర గౌరవం ఉంటే లోకంలో యుద్ధమే ఉండదని వడక్కూరులో ఉపన్యసించడానికి వచ్చాడు. వినేవాళ్ళంతా కర్రలు తీసుకుని ఇటు రావడంతో ఆయనా వచ్చాడు. ఇప్పుడాయన కళ్ళు చెమర్చాయి.

"చూశావా అమ్మా! జెనీవా శాంతి సభల్లో కూడా ఇంత వినయం లేదు!"

"పంతులయ్యా, గొడుగు మడిచి ఆ పక్కకు పో," అంది బొమ్మక్క రొప్పుతూ. "ఈ వినయం ముగిసినంక తలకాయలు తెగతాయి."

మాస్టరు పక్కకు జరిగాడు. "సిద్ధాంతంలో మాత్రం తప్పు లేదు," అని గొణిగాడు.

గట్టు మీద క్షేమాలు పూర్తయ్యాయి.

"మీ తాంబూలం అందింది బావా," అన్నాడు రంగసామి.

లక్ష్మణసామి కళ్ళార్పాడు. "మీ తాంబూలమూ అందింది బావా."

ఈసారి రంగసామి కళ్ళార్పాడు. ఇద్దరికీ అనుమానం వచ్చింది. కానీ ఇంతమంది ముందు బావను అబద్ధాలకోరును చేయడమా? ఎంత అమర్యాద! ఇద్దరూ నవ్వి, ఆకులు నోట్లో కుక్కుకున్నారు.

బొమ్మక్క గట్టెక్కింది. "అన్నా! ఆ పళ్ళెం నువ్వు పంపిస్తివా?"

రంగసామి తన నోటిని చూపించాడు. నిండుగా ఉంది.

"ఏమయ్యా, నువ్వు పంపిస్తివా?"

లక్ష్మణసామి బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. జవాబు చెప్పాలంటే ఉమ్మాలి. ఉమ్మితే యుద్ధం. కొడవళ్ళు పైకి లేచాయి. రెండు ఊళ్ళ చూపులూ ఆ రెండు నోళ్ళ మీదే ఉన్నాయి. రంగసామి పెదవి మూల ఎర్రటి చుక్క జారింది.

"మింగండి!" అని అరిచింది బొమ్మక్క.

వాళ్ళ వంశాల్లో ఎవరూ కొట్లాట తాంబూలం మింగిన పాపాన పోలేదు. రంగసామి తల అడ్డంగా ఊపాడు.

"మింగకుంటే ఈడనే నీ మీసం పట్టుకుంటా అన్నా!"

జనం గుటకలు వేశారు. బావకు జరగబోయే పరాభవం తలచుకుని లక్ష్మణసామి కళ్ళతోనే నవ్వాడు.

"నీకు వేరేగా చెప్పాల్నా?" అంది బొమ్మక్క అతని వైపు తిరిగి.

ఇద్దరూ మింగారు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"నేను... పంపల్యా," అన్నాడు రంగసామి ఎక్కిళ్ళ మధ్య.

"నేనూ పంపల్యా," అన్నాడు లక్ష్మణసామి.

ఇన్నేళ్ళలో మొదటిసారి బావలిద్దరూ ఒకే వైపు చూశారు. అటు మాస్టరు ఉన్నాడు.

"నాకు తెలిసిన తాంబూలం పెళ్ళి తాంబూలమొక్కటే!" అని ఆయన గొడుగు చాటుకు పోయాడు.

బొమ్మక్క గట్టు చివర కూర్చున్న పొన్నయ్య దగ్గరకు నడిచింది.

"అడగొద్దే! మరియాద కాదు!" అన్నాడు రంగసామి.

"మీ మరియాదను ఇప్పుడే మింగితిరి గదా," అని ఆమె పొన్నయ్య ముందు నిలబడింది. "రెండు పళ్ళేలూ నీ చేతికి ఎవరిచ్చిరి?"

"చెప్పగూడదు తాయీ."

"చెప్పకుంటే ఈళ్ళు నరకతారు. చెప్తే నేను అడ్డం నిలుస్తా."

పొన్నయ్య అటూ ఇటూ చూశాడు. "ఇచ్చినోళ్ళు ఒక మాట చెప్పిరి తాయీ. 'ఈళ్ళిద్దరినీ పెండ్లికి పిలిచినా రాలే, చావుకు పిలిచినా రాలే. కొట్లాటకైతే తలదువ్వుకొని వస్తారు. వస్తే క్షేమం అడగాల్సిందే గదా. మోకాలి నొప్పి ఎట్లుండాదని అడిగినోడికి ఆ కాలు నరికేదానికి చెయ్యాడతాదా? ఆడకపోతే మంచిదే. ఆడినా, అడ్డం పడేదానికి బొమ్మక్క రాకుండా ఉండదు. దాని మొగమన్నా చూస్తా' అని."

బొమ్మక్క గబుక్కున వడక్కూరు గుంపు వైపు తిరిగి కళ్ళతో వెతికింది. రంగసామికి మాత్రం ఏమీ తట్టలేదు.

"ఎవడ్రా వాడు? రెండు ఊళ్ళను ఆటాడించినోడు?" అని గర్జించాడు. "పేరు చెప్పు! ఎవడైనా సరే, ఈ గట్టు మీదే వాడి తల తీస్తా!"

వడక్కూరు గుంపు వెనకాల ఒక గూడుబండి ఆగి ఉంది. పెద్దలను ప్రశ్నించకూడదు కనక, అది ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. దాని తెర తొలగింది. ముడతలు పడ్డ చెయ్యొకటి బయటికొచ్చి, బొమ్మక్కను రమ్మని పిలిచింది.

పొన్నయ్య లేచి తలపాగా తీశాడు.

"మీ అమ్మ సామీ," అన్నాడు. "నాగమ్మాళ్."