పదకొండు రోజులు

వైద్య విద్యార్థుల సానుభూతి పరీక్ష గదిలో రెండు కుర్చీలు, ఒక టిష్యూ పెట్టె, గోడకో అద్దం. అద్దం వెనక నుంచి అంతా చూస్తూ, వింటూ ప్రొఫెసరమ్మ మార్కుల కాగితంతో కూర్చుంటుంది. విద్యార్థి ముందుకు వంగాడా? కళ్లలోకి చూశాడా? ‘మీ బాధ నాకర్థమవుతోంది’ అన్నాడా? ఒక్కోదానికి రెండేసి మార్కులు.

ఎదుటి కుర్చీలో నటి. మూడేళ్లుగా ఆమెది ఒకటే పాత్ర, భర్త పోయిన మనిషి. మాటలన్నీ కంఠతా.

పొద్దున మొదట వచ్చిన కుర్రాడు ఇరవైకి పద్దెనిమిది కొట్టేశాడు. కళ్లు ఆమె మీద, ధ్యాసంతా గడియారం మీద.

నాలుగోది పొట్టి జుట్టు పిల్ల. ఈ పరీక్ష రాయడం మూడోసారి. ఇప్పుడూ తప్పితే కోర్సు వదులుకుని ఇంటికి పోవాల్సిందే.

“ఆయన పోయి ఎన్నాళ్లయిందండీ?”

“పదకొండు రోజులు.”

పిల్ల కలం ఆగింది. కేసు కాగితంలో మూడు నెలలని ఉంది. నటి నాలుక కరుచుకుంది. చేతిలో టిష్యూ నలిగి ఉండయిపోయింది.

“అక్కా,” అంది పిల్ల మెల్లగా, “ఇది నటన కాదు కదూ?”

నటి చూపు అద్దం వైపు పోయింది. పిల్ల కుర్చీ ఆమె పక్కకు లాక్కుంది. ఇంకేమీ అడగలేదు, ఓదార్చలేదు. గంట మోగేదాకా పక్కనే ఉంది.

ప్రొఫెసరమ్మ విసురుగా లోపలికొచ్చింది.

“పాత్రలోంచి బయటికి లాగితే సున్నా అని తెలీదూ? ఏమ్మా, మీరేంటి పదకొండంటారు? ఇంట్లో ఏమైనా జరిగిందా?”

సొంత దుఃఖం ఉన్నవాళ్లను ఏడాదిపాటు ఈ పనికి పిలవరు. నటి ఇంట్లో ఇప్పుడు సంపాదన ఇదొక్కటే.

“నోరు జారింది మేడమ్.”

“విన్నావా? ఆవిడ అంకె తప్పు చెబితే నువ్వు కథలల్లేస్తావా?”

పిల్ల నటి ముఖంలోకి చూసింది. నిజం చెప్పి గట్టెక్కొచ్చు.

“తొందరపడ్డాను మేడమ్. తప్పు నాదే.”

మార్కుల కాగితం అడుగున నటి నింపాల్సిన వరుస ఒకటుంది: ‘ఈ విద్యార్థి మిమ్మల్ని అర్థం చేసుకున్నట్టు అనిపించిందా?’ అవునంటే తను దొరికిపోతుంది. లేదు అన్నచోట టిక్కు పెట్టి సంతకం చేసింది. పిల్ల సంచి భుజాన వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్లింది.

ఐదో కుర్రాడు వచ్చి కూర్చుని, లెక్క ప్రకారం ముందుకు వంగాడు.

“ఎన్నాళ్లయిందండీ?”

“మూడు నెలలు,” అంది నటి.

“మీ బాధ నాకర్థమవుతోంది.”

అద్దం వెనక రెండు మార్కులు పడ్డాయి.