మేడగది కాపలా

రేచల్ పనిచేసుకునే మేడగది కిటికీలోంచి చూస్తే మామిడితోట, దాని మధ్యలో కాపలా గుడిసె కనిపిస్తాయి. పూత మీదే తోట కాపు కొన్న నూజివీడు షావుకారు పిందె కట్టకముందే అక్కడ మనిషిని పెట్టేస్తాడు. ఆఖరి కాయ లారీ ఎక్కేదాకా ఆ మనిషి తోట దాటడానికి లేదు. పెళ్లయినా, చావయినా అంతే. ఈ ఏడు సుబ్బరత్నమ్మ వచ్చింది. పొద్దస్తమానం రేకు డబ్బా కొట్టి కోతుల్ని తోలుతూ ఉంటుంది.

"దానికి గుడిసె, నీకు ఏసీ. అంతే తేడా," అంది అత్తగారు సవరమ్మ కాఫీ గ్లాసు అందిస్తూ. "దాని పనే నయం, కోతులు కంటికైనా కనిపిస్తాయి. నువ్వు కాసేదేంటో ఈ ముసునూరులో ఒక్కడికీ తెలీదు."

రేచల్ కాసేది పరీక్ష ఫలితాల వెబ్‌సైట్లని. ఆమె కంపెనీ హైదరాబాదులో ఉంది. కంపెనీ కంప్యూటర్లు మాత్రం వందల కొద్దీ దేశమంతా చెల్లాచెదురుగా ఉండి, ఒక్కటిగా కలిసి పనిచేస్తాయి. ఫలితాలు వచ్చే గంటలో లక్షలమంది పిల్లలు ఒక్కసారిగా మీద పడతారు. అప్పటికి సరిపడా కంప్యూటర్లు లేచి ఉండాలి. తక్కువైతే సైటు కూలబడుతుంది, ఎక్కువైతే అద్దె దండగ. విందుకి ఎసరు పెట్టడం లాంటిదే ఈ పని. ఎంతమంది వస్తారో విస్తళ్లు వేయకముందే తెలియాలి.

ఆ ఊహ చేయడానికి కంపెనీవాళ్లు మోడల్ అనే ప్రోగ్రామొకటి తయారుచేశారు. పాత రోజుల వివరాలన్నీ దానికి పోసి నేర్పారు. అది ఏనాడూ తప్పు చెప్పలేదు. రద్దీ రాబోతోందంటే ముందే పసిగట్టి కంప్యూటర్లని లేపేది. మేనేజరు అభిషేక్ దాన్ని ఊరంతా తిప్పి చూపించుకున్నాడు. ఇంక మనుషులు చెయ్యి పెట్టే పనే లేదని క్లయింటుకి మాటిచ్చి, చేత్తో కంప్యూటర్లు పెంచే మీటని కూడా తీయించేశాడు.

అయితే మొన్న రేచల్‌కి జ్వరం వచ్చి మంచం మీద నుంచి లేవలేదు. ఆ రోజే మోడల్ తప్పింది, సైటు పడిపోయింది. ఎందుకు తప్పిందా అని ఆమె తవ్వుకుంటూ పోయింది. తవ్వగా తవ్వగా అసలు సంగతి దొరికింది.

ఇదివరకు రద్దీ వస్తుందని తోచినప్పుడల్లా ఆమె కంట్రోల్ పేజీలోకి వెళ్లి కూర్చునేది, చేత్తో కంప్యూటర్లు పెంచేది. మీట తీసేశాక కూడా అలవాటు కొద్దీ వెళ్లి చూస్తూ కూర్చునేది. మోడల్‌కి పోసిన వివరాల్లో ఆ పేజీలో ఎవరున్నారన్నదీ ఉంది. మోడల్ అదొక్కటీ గట్టిగా పట్టుకుంది. రేచల్ లోపలికొస్తే రద్దీ వస్తుంది, రాకపోతే రాదు. దాని తెలివంతా అంతే. అది జనాన్ని చూడటం లేదు, ఆమెనే చూస్తోంది.

ఈ ఆదివారం ఇంటర్ ఫలితాలు. ఈ ఆదివారమే కూతురు మెర్సీకి చర్చిలో ఫస్ట్ కమ్యూనియన్, మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే పండుగ.

క్రిస్మస్ నాటికలో మెర్సీ తన మాటలు చెబుతూండగా రేచల్ ఫోను పట్టుకుని బయటికి పరుగెత్తింది. అప్పటినుంచి ఆ పిల్ల ఎవరడిగినా, "మా అమ్మ వస్తుంది, కానీ ఉండదు" అంటోంది. ఈసారి రేచల్ మాటిచ్చింది. ముందు వరసలో కూర్చుంటుంది, ఫోను తేదు.

శుక్రవారం అభిషేక్‌కి ఫోను చేసి దాచకుండా చెప్పింది.

"ఆ ఒక్క వివరం తీసేసి మళ్లీ నేర్పించండి, అభిషేక్ గారూ. లేదంటే ఆ మీటయినా తిరిగి ఇవ్వండి."

అవతల అభిషేక్ నవ్వాడు.

"అది తీసేస్తే ఊహ ఎంత సరిగ్గా వస్తుందో చూశారా?"

"చూశాను. సగం కూడా రాదు."

"మరింకేంటండీ? బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం? మీరు లాగిన్ అయి ఉండండి చాలు. ఏం చెయ్యక్కర్లేదు. ఇంత హాయైన ఉద్యోగం ఎవరికుంటుంది చెప్పండి!"

"ఆదివారం మా పాపకి..."

"చర్చిలో కూర్చుని చూసుకోండి. ల్యాప్‌టాప్ తీసుకెళ్తే దేవుడేమైనా వద్దంటాడా?"

ఫోను పెట్టేశాక రేచల్ చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడింది. లాగిన్ చేసి వదిలేసి పోదామంటే, కాసేపు ముట్టుకోకపోతే ఆ పేజీ దానంతటదే బయటికి తోసేస్తుంది. ఎవరైనా పక్కన ఉండి మౌసు కదుపుతూ ఉండాలి. ఇంట్లోవాళ్లందరూ చర్చికే వస్తారు. కింద డబ్బా మోగింది.

ఆదివారం పొద్దున, రేచల్ బతిమాలగా మేడెక్కి వచ్చిన సుబ్బరత్నమ్మ చీర కొంగుతో చేతులు రెండుసార్లు తుడుచుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"ఇది కదుపుతా ఉండాలి, అంతేనా అమ్మగారండీ?"

"అంతే. ఇంకేదీ నొక్కకు. లేచి వెళ్లావంటే మొత్తం పోతుంది."

"మీ జీతం దీనికేనాండీ?" అని ఆమె నోరు నొక్కుకుని నవ్వింది. రేచల్‌కి కూడా నవ్వొచ్చింది. ఫోను బీరువాలో పెట్టి మెట్లు దిగింది.

చర్చిలో తెల్ల గౌను, తల మీద తెల్లపూల కిరీటం, చేతిలో కొవ్వొత్తితో మెర్సీ నడిచి వచ్చింది. సత్ప్రసాదం తీసుకుని వెనక్కి తిరగగానే ముందు వరసలో వెతికింది. తల్లి ఉంది. పిల్ల మొహం విప్పారింది. రేచల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి మాత్రం ఒళ్లో ఉండి ఉండి కదులుతూనే ఉంది, మౌసు తిప్పుతున్నట్టు. సవరమ్మ చూసి ఆ చేతిని తన చేతిలో అదిమి పట్టుకుంది.

ఇంటికి రాగానే రేచల్ మేడెక్కింది. సుబ్బరత్నమ్మ కూర్చోబెట్టినచోటే ఉంది. పక్కన పెట్టిన మజ్జిగ ముట్టలేదు. సైటు చెక్కు చెదరలేదు. బీరువాలో ఫోను తీస్తే అభిషేక్ మెసేజ్ ఉంది: "అద్భుతం! మోడల్ ఒక్కటే మొత్తం చూసుకుంది. సాయంత్రం దాకా రద్దీ ఉంటుంది. మీరు లోపలే ఉండండి."

"మజ్జిగయినా తాగలేదేంటి, సుబ్బరత్నమ్మా?"

సుబ్బరత్నమ్మ కిటికీ వైపు చూపించింది. గుడిసె పక్కనున్న చిన్నరసం చెట్టు కింద నేలంతా కొరికి పారేసిన కాయలు. కొమ్మల మీద కోతులు ఇంకా తీరుబడిగా తింటూనే ఉన్నాయి.

"వచ్చినకాడి నుంచీ చూస్తానే ఉన్నానండీ. లేస్తే ఇది పోద్దన్నారు గదా."

రేచల్ కిటికీ దాకా వెళ్లి చూసింది. "షావుకారు గారికి నేను చెబుతాను. నేనే పిలిచానని..."

"అయ్యబాబోయ్, వద్దండీ! కాపలా వదిలి పోయానని తెలిస్తే ఒక్క క్షణం ఉంచడు. నేను అక్కడే ఉన్నాననే చెబుతానండీ. కోతులు మాట వినలేదంటాను. తిడతాడు, అంతేగా."

ఆమె లేచి గబగబా మెట్లు దిగింది. లేచిందో లేదో, బయటికి తోసేస్తానని పేజీ హెచ్చరిక చూపించింది. గుమ్మంలో మెర్సీ కిరీటం తీయకుండా నిలబడి ఉంది.

"అన్నానికి రావా, అమ్మా? ఫాదర్ గారు కూడా వచ్చారు."

"వస్తాను నాన్నా. నువ్వు పద."

పిల్ల కదల్లేదు. రేచల్ కుర్చీలో కూర్చుని మౌసు మీద చెయ్యి వేసింది. హెచ్చరిక పోయింది. ఎక్కడెక్కడి ఊళ్లలోనో కంప్యూటర్లు, ఆమె ఉందని చూసుకుని, మేలుకునే ఉన్నాయి.

కింద తోటలో రేకు డబ్బా మళ్లీ మోగడం మొదలైంది.