గిన్నెలయ్యాక

చావు భోజనాల రోజున మా చర్చి నేలమాళిగలో వడ్డించే ఆడవాళ్ళు కూర్చోరు. చివరి కప్పు కాఫీ పోసి, చివరి పళ్ళెం తుడిచి అలమరలో పెట్టాకే మిగిలిన, పంది మాంసం పెట్టిన హామ్ బన్ను నోట్లో వేసుకోవాలి. ఇది ఎక్కడా రాసిలేదు. అయినా మిన్నెసోటాలోని మా చిన్న ఊళ్ళో ఈ సంగతి తెలియని ఆడది లేదు. ఆ వంటగదికి నలభై ఏళ్ళుగా పెద్దదిక్కు మా అత్తగారు ఆర్డిస్. పెళ్ళయిన మరుసటి నెలలోనే నన్ను గిన్నెలు కడిగే తొట్టి ముందు నిలబెట్టింది. ఆ వేడినీళ్ళ ఆవిరికి, పైన శవపేటిక దగ్గర్నుంచి దిగే లిల్లీపూల వాసనకి నా ముఖం ఎర్రబడేది, మెడ మీద దద్దుర్లు లేచేవి, కడుపు మెలిపెట్టేది.

"పని చేస్తూ ఉండు జోలీన్, ఒళ్ళు దానంతటదే సర్దుకుంటుంది" అనేది ఆవిడ. మా ఆయన లైల్‌ది ఒకటే మాట: "నీకు ప్రతిదీ ఎక్కువే." పాత డాక్టరు ఇంకా మర్యాదస్తుడు, నరాల బలహీనత అన్నాడు. ముగ్గురూ మంచివాళ్ళే. అందుకే ఇరవై ఎనిమిదేళ్ళు నమ్మాను. నా ఒంటి మీద నాకే చిరాకు పుట్టేంతగా నమ్మాను.

పోయిన వసంతంలో పక్క ఊరి ఆస్పత్రికి కొత్తగా వచ్చిన అలర్జీ డాక్టరమ్మ నా మాట మధ్యలో ఆపకుండా విన్నది. అంతసేపు ఎవరూ వినలేదేమో, చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. అప్పుడామె మాస్ట్ కణాల గురించి చెప్పింది. అవి చర్మం కింద, పేగుల్లో, ఊపిరి వెళ్ళే దారిలో, అంటే బయటిది లోపలికి రాగల ప్రతిచోటా కాపలా ఉంటాయట. విషమో పురుగో క్రిమో తగిలితే తమలోని సంచులు విప్పి హిస్టమిన్ లాంటి రసాయనాలు కుమ్మరించి ఒళ్ళంతా మేల్కొలుపుతాయట. "మీవి వేడికీ వాసనకీ కూడా విప్పుతున్నాయని నా అనుమానం. అలా విప్పినప్పుడు ట్రిప్టేజ్ అనేది రక్తంలో పెరుగుతుంది. కానీ కొన్ని గంటల్లోనే దిగిపోతుంది. మీ పాత కాగితాలు చూశాను, ఈ ఆస్పత్రికి వచ్చిన మూడుసార్లూ దద్దుర్లు లేచిన మర్నాడే వచ్చారు. ఎందుకని?"

"గిన్నెలుంటాయి కదండీ" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఈసారి మొదలైన వేళ రాసుకుని నాలుగు గంటల్లోపు రమ్మంది. కారు మాత్రం నేను నడపొద్దంది. ఊపిరాడకపోతే వెంటనే తొడలో పొడుచుకోమని మందు సూది ఇచ్చింది. ఇదంతా ఇంట్లో ఇద్దరికీ చెప్పాను. ఆ రోజు ఇంటికొస్తూ నా మణికట్టు నిమిరాను. నేను తిట్టుకున్న ఈ చర్మం కింద ఎవరో ఇన్నాళ్ళూ నా తరఫున కేకలు పెడుతున్నారంటే జాలేసింది.

నిన్న మా చర్చి పెద్దాయన ఓర్విల్ తాతకి అంత్యక్రియలు. తొట్టిలో చేతులు పెట్టిన కాసేపటికే చెవులు వేడెక్కాయి. గోడగడియారం చూసి, పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాను: పన్నెండూ ఇరవై. ఏప్రన్ ముడి విప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ముడి బిగుసుకుని కాదు.

లైల్ రెండో లెమన్ బార్ మిఠాయి కోసం వచ్చి, నా చేతిలో సంచీ చూశాడు. "ఇప్పుడా? బయట అరవైమంది ఉన్నారు. గిన్నెలయ్యాక వెళ్ళొచ్చుగా?"

"కుదరదు లైల్. ఇప్పుడే వెళ్ళాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మా అత్తగారు కాఫీ పాత్ర కింద పెట్టింది. నా మెడ మీది దద్దుర్లు చూసింది, అరచెయ్యి తిప్పి అంకెలు చదివింది. నా చేతిలోని ఏప్రన్ తీసుకుని తన కొడుకు నడుముకి కట్టింది.

"అమ్మా! నేనా?"

"సబ్బు కింద అలమరలో ఉంది నాయనా. గ్లాసులు ముందు."

డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, కారు తాళాలు తీసుకుని నాకంటే ముందు మెట్లెక్కింది. వంటగదిలో మిగతా ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తూండిపోయారు.

దారి పొడుగునా మొక్కజొన్న చేలు. సూది ఒళ్ళో పెట్టుకుని ఊపిరి సరిచూసుకుంటున్నాను. ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది:

"లైల్ కంటే ముందు నాకొక కడుపు నిలిచింది. ఆ వంటగదిలోనే, ఎవరిదో చావు భోజనం, రక్తం కనిపించింది. మా అత్తగారితో చెప్పాను. కాఫీ పోసి వెళ్ళమంది."

"మరి మీరు?"

"అందరికీ పోశాను."

నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ వద్దనలేదు. తర్వాత పది మైళ్ళ దాకా చెయ్యి అక్కడే ఉంచాను.

ఒంటిగంటా పదికి ఆస్పత్రి చేరాం. నర్సు నా జబ్బకి పట్టీ బిగించి, కాగితం దగ్గరికి లాక్కుని అడిగింది: "ఎప్పుడు మొదలైంది?"

నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు చెప్పింది.

"ఇరవై ఎనిమిదేళ్ళ కిందట. మేమే వినిపించుకోలేదు."