పేరు పెట్టి పిలిస్తే

పాత ఫోనులో రెండో బొత్తాం నొక్కిపెడితే చాలు, సొంతూరు కొచ్‌కోర్‌లో ఇంట్లో ఫోను మోగేది. ఆ ఒక్క విద్యతోనే బత్మా ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఇస్తాంబుల్లో కవలపిల్లల్ని చూసుకునే పని కుదిరింది. పిల్లల తల్లికి అడిగినప్పుడల్లా ఫోనులో వాళ్ల మొహాలు చూపించాలట. అందుకని రాజధాని బిష్కెక్‌లో ఆడపడుచు కూతురు నాజిక్ కొత్త ఫోనూ, చెవుల్లో పెట్టుకునేవీ, చార్జింగు డబ్బా కొనిపెట్టి, ఆ పాతది లాగేసుకుంది.

కొత్త ఫోను బత్మాను మనిషి కింద జమకట్టలేదు. వేడినీళ్లలో, సబ్బు నురగలో ఉన్ని పిసికి పిసికి కంబళ్లు చేసిన వేళ్లు కాయలు కాసిపోయాయి. ఎంత నొక్కినా ఆ అద్దం ఉలకదు, పలకదు.

"అత్తయ్యా, నీకు వేళ్లున్నాయని దీనికి తెలీడం లేదే" అని పడీపడీ నవ్వింది నాజిక్.

"దానికి తెలీకపోతే పోనీ. నా కంబళి మీదే దొర్లుతూ నువ్వూ నవ్వడమేనా?"

"కోప్పడకులే. నొక్కక్కర్లేదు. ఈ పక్క మీట పట్టుకుని పేరు చెప్పు, అదే చేస్తుంది. నా పేరు చెప్పి చూడు."

"నాజిక్" అంది బత్మా. నాజిక్ ఒళ్లో ఫోను మోగింది. బత్మాకి ముచ్చటేసింది కూడా.

విమానాశ్రయంలో తనిఖీలన్నీ దాటి కుర్చీలో కూలబడ్డాక గానీ ఆమెకు ఊపిరాడలేదు. మనసంతా ఇంటి దగ్గరే ఉంది. మొగుడికి గుండె ఆపరేషను చేయించే డబ్బు కోసం తను బయల్దేరుతుంటే, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నా గుండె కోసం నువ్వు పరాయిపిల్లల ముక్కులు తుడవాలా? పో, నాతో మాట్లాడకు" అన్నాడు. దారి తెల్లగా ఉండాలని ఇంటిపెద్ద దీవించనిదే వాళ్లలో ఎవరూ గడప దాటరు. బత్మా ఆ మాట లేకుండానే దాటింది. విమానం ఎక్కేలోగా ఆ ఒక్క మాట ఆయన నోటివెంట వినాలి. లేకపోతే అక్కడ ఆమెకు ముద్ద దిగదు.

మీట నొక్కిపట్టుకుంది. ఎవరికి చెయ్యమంటారని అడిగింది ఫోను.

అప్పుడు పడింది ఆమె గుండెలో రాయి. కోడలిగా ఆ ఇంట్లో కాలుపెట్టిన నాటినుంచి మొగుడి పేరు ఆమె నోట రాలేదు. బావగార్లవీ రాలేదు. పట్నంలో పుట్టి పెరిగిన నాజిక్‌కి ఆ సంగతి తట్టనే లేదు, మామయ్య నంబరుని ఆయన పేరుతోనే ఫోనులో ఎక్కించింది.

"మా ఇంటాయన" అంది. ఆ పేరు లేదంది ఫోను. "పిల్లల తండ్రి" అంది. అదీ లేదంది. నాజిక్‌ని పిలిచింది. మోగి మోగి ఆగిపోయింది. కారు నడుపుతూ ఉంటుంది.

పక్కనున్న ఆమెను బతిమాలింది. "తల్లీ, దీనికి మా ఇంటాయన పేరు చెప్పిపెట్టవూ?"

"దాందేముంది పెద్దమ్మా. ఏం పేరు?"

"అది చెప్పగలిగితే నిన్నెందుకు అడుగుతాను?"

ఆమె నవ్వి, పేర్లు వెతికి చూపిస్తానని చెయ్యి చాపింది. ఈలోగా ఆమె విమానాన్ని పిలిచారు. సంచులు ఏరుకుని పరుగెత్తింది.

ఇస్తాంబుల్ విమానం వరస కూడా కదలడం మొదలైంది. బత్మా అందులో నిలబడి మీట నొక్కి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు మూసుకుని "ఎసెంకుల్" అంది. వినబడలేదంది ఫోను. సిగ్గుతో చెవులు కాలిపోతుండగా, రుమాలు తీసి ఈసారి గట్టిగానే అంది. ఫోను ఏమీ అనలేదు. ఇదీ వినలేదు కాబోలనుకుని, కొండ అవతలి గొర్రెలకాపరిని కేకేసినట్టు మళ్లీ అరిచింది.

"ఎసెంకుల్!"

"ఆఁ, ఎవరమ్మా?" అంది లోపలినుంచి ఆయన గొంతు.

బత్మా చప్పున రుమాలు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లంతా మట్టిలో కలిశారే. ఎవరు నువ్వు?"

నేనేనని చెప్పాలి. చెబితే, ఇందాక పేరు పెట్టి అరిచింది తనేనని చెప్పినట్టే.

"ఎవరోగానీ పెట్టెయ్యమ్మా. మా ఆవిడ విమానం ఎక్కబోతోంది, ఫోను చేస్తుంది. దాంతో ఓ మాట చెప్పాలి నేను. పొద్దున్నించీ ఇక్కడే కూచున్నా."

పెట్టేశాడు. వరసలో ఆమె ముందు ఇద్దరే మిగిలారు. బత్మా మళ్లీ మీట నొక్కిపట్టుకుంది. ఫోను పేరు అడిగింది.