గుర్తులు చదివినవాడు

యాకూర్‌ని చెరో రెక్కా పట్టుకుని తెచ్చి కర్మాగారం గేటు బయట కూర్చోబెట్టారు. అతని కళ్ళకు తడిగుడ్డ కట్టి ఉంది. గుడ్డ కిందనుంచి సున్నం పాలలా కారుతోంది. మూడో గుంట మీద అడ్డంగా వేసిన పలక విరిగి, మనిషి సున్నంలో పడిపోయాడు. ఆ పలక పుచ్చిపోయిందని వారం రోజులుగా మొత్తుకున్నది కూడా అతనే.

"తాగి పడ్డాడని రాయి," అన్నాడు మేస్త్రీ తెరెంతి గుమాస్తాతో.

"ఈస్టర్ ఉపవాసంలో ఉన్నాడయ్యా. నెల రోజులుగా చుక్క ముట్టలేదు," అన్నారెవరో.

"అయితే ఉపవాసంతో కళ్ళు తిరిగి పడ్డాడని రాయి. ఎటు చూసినా తప్పు వాడిదేగా."

గుమాస్తా రాశాడు. గేటు మూసుకుంది.

ఎమాష్ తోళ్ళు లాగే కొక్కెపు కర్ర పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. లోపల ఏదో లేవబోయింది. దాన్ని అణచుకోవడం అతనికి అలవాటే. కజాన్‌కి వచ్చి ఆరేళ్ళయింది. అక్క మొగుడు అక్పతీర్ చేయి పట్టుకుని తీసుకొచ్చి ఈ తోళ్ళ కర్మాగారంలో చేర్చాడు. 'నోరు మూసుకుని పని చెయ్యి, పట్నంలో నోరున్నవాడు బతకడు' అని ఆ రోజే చెప్పాడు.

ఆ కర్మాగారంలో ఎవరి చోటు వాళ్ళదే. తోళ్ళు నానేసే సున్నపు గుంటల దగ్గర ఎమాష్ లాంటి మారీలు, చువాష్‌లు. తోళ్ళను పదునుచేసే బెరడునీళ్ళ తొట్ల దగ్గర తాతార్లు. ఆరబెట్టి నునుపు చేసే గదిలో రష్యన్లు. పడుకునే కొట్టాంలో కూడా ఒక్కో జాతికి ఒక్కో మూల. శుక్రవారం ఒకళ్ళు దణ్ణం పెట్టుకుంటే ఆదివారం ఇంకొకళ్ళు. ఒకళ్ళు తినేది చూసి ఇంకొకళ్ళు మూతి తిప్పుకునేవాళ్ళు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది విరిగిన రష్యన్ భాష ఒక్కటే, అదీ తిట్టుకోవడానికి. ఇలా అమర్చింది యజమాని. అతను తాతారే. రంజాన్‌కి తన కూలీలందరికీ భోజనం పెట్టేవాడు. 'మన బాయ్ దొడ్డమనిషి' అని తాతార్లు తమ షావుకారు గురించి చెప్పుకునేవాళ్ళు. అన్నం పెట్టిన చేత్తోనే పుచ్చిన పలక కూడా వేయించాడని గ్రహించడానికి వాళ్ళకు చాలాకాలం పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం రొట్టె తినే వేళ, బెరడు కొట్టులో నాలుగు మూలల మనుషులూ మొదటిసారి ఒక చోట కూర్చున్నారు. చదువు వచ్చిన రష్యన్ నికనోర్ కాగితం రాశాడు. గుంటల చుట్టూ కంచెలు కట్టాలి. దెబ్బ తగిలినవాడికి వైద్యం చేయించాలి. యాకూర్‌ని వెనక్కి తీసుకోవాలి.

"పేర్లు చెప్పండి, రాసుకుంటాను," అన్నాడు నికనోర్.

"పేరు ఇస్తే మెడ ఇచ్చినట్టేనబ్బాయ్," అన్నాడు గిల్మాన్. తాతార్లలో పెద్దవాడు. బెరడు నీళ్ళకు మోచేతులదాకా గోధుమరంగు తిరిగిపోయిన మనిషి.

అప్పుడు ఎమాష్ ఊరి మారీ, ముసలి పెక్టిగాన్ బొగ్గుముక్క అడిగాడు. కాగితం మీద విల్లులాంటి గీత గీసి, దాని కింద రెండు గాట్లు పెట్టాడు. "ఇది మా ఇంటి గుర్తు. మా ముత్తాత అడవిలో తేనెచెట్ల మీద చెక్కింది. మా ఊళ్ళో చంటిపిల్ల కూడా చెబుతుంది ఇది ఎవరిదో. పట్నంలో ఒక్కడు చెప్పమను చూద్దాం."

గిల్మాన్ ముఖం విప్పారింది. "మాకూ ఉన్నాయి ఇలాంటివి. గుర్రాలకు వాతలు పెట్టేవాళ్ళం. భలేవాడివి ముసలాయనా. దీన్ని చదవాలంటే తెరెంతి మీ అడవిలో మూడు తరాలు తేనెటీగై పుట్టాలి."

అంతా నవ్వారు. ఒకడి భాష ఒకడికి రానివాళ్ళు ఒకే మాటకు నవ్వడం అదే మొదలు. ఎవరు ముందో తెలియకుండా గుర్తులన్నీ చక్రంలా వేశారు. నికనోర్ మాత్రం అక్షరాలతో సంతకం పెట్టాడు. "నా చేతిరాత ఎలాగూ పట్టుకుంటారు," అన్నాడు. ఒకే ఊరి మారీలు ఆరుగురు. ఆరో గుర్తు, కాకిపాదం కింద ఒక గాటు, ఎమాష్‌ది. గాటును రెండుసార్లు నల్లగా దిద్దాడు. అది చూసి తనే ఆశ్చర్యపోయాడు.

కాగితం యజమానికి ఇచ్చిన నాలుగో రోజు పొద్దున గేటు దగ్గర ఇద్దరు పోలీసులున్నారు. తెరెంతి చీటీ విప్పాడు.

"నికనోర్." ఇది అందరూ అనుకున్నదే.

"ఎగువవాగు ఇంటి పెక్టిగాన్."

ఎగువవాగు ఇల్లన్న మాట రష్యన్ కాగితాల్లో ఎక్కడా లేదు. అది వాళ్ళ ఊరి జనం నోట్లో ఉండే మాట.

ఇంకో మారీ. ఇంకొకడు. నాలుగో మారీ. ఐదోవాడు. ఇక ఎమాష్ వంతు. తెరెంతి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎమాష్‌కి ఒళ్ళంతా తేలికైపోయింది. 'నేను లేను.' మనసు సిగ్గుపడేలోపే ఒళ్ళు సంతోషించేసింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ ఒక్క క్షణాన్ని అతను క్షమించుకోలేకపోయాడు. పెక్టిగాన్ పోలీసుల మధ్య నడుస్తూ వెనక్కి తిరిగి చూశాడు. కోపంగా కాదు. ఐదుగురినీ లెక్కపెట్టుకుని, ఆరోవాడు ఏమయ్యాడా అని వెతికినట్టు చూశాడు.

గేటు మూశాక అందరి చూపులూ ఎమాష్ మీదికి మళ్ళాయి.

"ఆరుగురు మారీలు గుర్తు పెట్టారు," అన్నాడు గిల్మాన్ నెమ్మదిగా. "ఐదుగురు పోయారు. మా గుర్తు ఒక్కటి కూడా చదవలేదు, చువాష్‌లదీ చదవలేదు. మీవి మాత్రమే చదివారు. చదివినవాడు నీ గుర్తు దాటేశాడు. ఎవడబ్బా వాడు?"

"నాకు తెలీదు."

"మాకు తెలుసులే," అంటూ వెనకనుంచి ఒకడు ఉమ్మేశాడు.

ఎమాష్‌కి అప్పటికే తెలుసు. తెలియనట్టు ఉండడానికి సాయంత్రందాకా పెనుగులాడాడు. ఊళ్ళో తేనెచెట్ల మీద గాట్లు చెక్కేది అక్పతీర్. ఇల్లరికం వచ్చినవాడు, ఊరి గుర్తులన్నీ ఊరివాళ్ళకంటే శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఇప్పుడు కర్మాగారం గిడ్డంగికి కాపలా ఉంటాడు.

గిడ్డంగిలో అక్పతీర్ రొట్టె కోస్తున్నాడు. బావమరిదిని చూసి పెద్దముక్క అటు జరిపాడు. "తిను. ముఖం పీక్కుపోయింది."

"నువ్వేనా బావా?"

అక్పతీర్ కత్తి కింద పెట్టాడు. "బాయ్ పిలిపించాడు. కాగితం నా ముందు పెట్టాడు. చదవకపోతే నన్నూ నిన్నూ కలిపి ఊరికి తోలేస్తానన్నాడు. అక్కడేముంది, గడ్డి తింటామా?"

"పెక్టిగాన్ తాత నీ పెళ్ళిలో డోలు కొట్టాడు."

"కొట్టాడు. నా పిల్లలకు పాలు కూడా పోశాడనుకో. అయితే ఏం చెయ్యమంటావు? నీ గుర్తు దగ్గరికి వచ్చాక నా నోరు ఎండిపోయింది తెలుసా? ఇది చచ్చినవాడి గుర్తు దొరా, ఎవరో వేళాకోళానికి పెట్టారని చెప్పాను. నమ్మాడు. రేపటినుంచి నన్ను కింది మేస్త్రీని చేస్తున్నాడు. నెల తిరగ్గానే నిన్ను గుంటల దగ్గరనుంచి ఇక్కడికి లాగేస్తా. మీ అక్క సుఖపడుతుంది."

ఎమాష్ రొట్టె నములుతున్నాడు. ఎప్పుడు చేతిలోకి తీసుకున్నాడో తెలియదు. ఆరేళ్ళుగా ఆ చేయి పెట్టింది తిన్న నోరు తనంతట తానే నములుతోంది. చచ్చినవాడి గుర్తు. పొద్దున గేటు దగ్గర ఒళ్ళు తేలికైనప్పుడు జరిగింది అదేనేమో అనుకున్నాడు. బావ చేసింది ద్రోహమైతే, తన ఒళ్ళు చేసింది ఏమిటి? ఆ ఒంటికి ఏం కావాలో బావకు తనకంటే ముందే తెలుసు. అందుకే బావా, ఆ ఒళ్ళూ కలిసి మిగిలిన ఐదుగురినీ అమ్మేశారు.

"మళ్ళీ ఎక్కడా నోరు జారకు," అన్నాడు అక్పతీర్.

మర్నాడు మూడో గుంటలోంచి తోళ్ళు పైకి తీసే రోజు. సున్నంలో తోలు నానాల్సినంతసేపే నానాలి. అది దాటితే జిగురై చేతికి వస్తుంది, చెప్పుకు కూడా పనికిరాదు. ఆ గుంటలో ఉన్నవి సైన్యం బూట్లకని బాయ్ ఒప్పుకున్న తోళ్ళు. ఐదుగురు తగ్గారు కాబట్టి తాతార్లనీ రష్యన్లనీ కూడా గుంట దగ్గరికి తోలుకొచ్చారు. వాళ్ళలో వాళ్ళకే పడడం లేదు.

"మారీలతో కలిసి కాగితం పెట్టినందుకు మాకు బుద్ధి వచ్చింది," అన్నాడొక రష్యన్.

"మా బాయ్‌కి మేం చెప్పుకునేవాళ్ళం. మీరే చెడగొట్టారు," అన్నాడొక తాతార్.

గిల్మాన్ కొక్కెం చేతిలోకి తీసుకున్నాడు. అతను తీసుకుంటే మిగతావాళ్ళు తీసుకుంటారు. ఇంకొక్క నిమిషంలో పని మొదలై, కాగితం మాట అంతటితో ముగిసేది.

కొత్త కోటు తొడుక్కుని అక్పతీర్ గట్టు మీదికి వచ్చాడు. ఎమాష్ పక్కన వంగి మారీలో మెల్లగా అన్నాడు: "ముందు నువ్వు పట్టు, తమ్ముడూ. నీ మీద పడ్డ మచ్చ పోతుంది."

ఆ భాషలోనే అక్క జోలపాట పాడింది. ఆ భాషలోనే బావ పేర్లు అమ్మాడు. ఎమాష్ కర్ర కింద పెట్టాడు. తనకు వచ్చిన విరిగిన రష్యన్‌లో, గట్టు అవతలివాళ్ళకు కూడా వినపడేలా జవాబు చెప్పాడు.

"చదివింది ఈయన. మా అక్క మొగుడు. ఐదు చదివాడు. ఆరోది చచ్చినవాడిదని చెప్పాడు. ఆరోది నాది. నేను బతికే ఉన్నాను."

అక్పతీర్ గట్టు మీద వెనక్కి తగ్గాడు. తెరెంతి పోలీసుల కోసం గేటు వైపు పరుగెత్తాడు.

"నిన్న ఎందుకు చెప్పలేదు?" అడిగాడు గిల్మాన్.

"నిన్న బతకడం బాగుండింది."

"ఇవాళ?"

ఎమాష్ తల అడ్డంగా ఊపాడు.

"నీ మీద నాకు నమ్మకం లేదు. ఆ మాట నీ ముఖం మీదే చెబుతున్నా," అన్నాడు గిల్మాన్. "కానీ నిన్ను అనుమానిస్తూ నేను కొక్కెం పట్టాననుకో, బాయ్ తోళ్ళు బాయ్‌కి దక్కుతాయి. నిన్న రాత్రి నుంచీ నాకు తట్టనిది ఇదే." కొక్కెం గట్టు మీద పడేశాడు. అది దొర్లి గుంటలోకి జారిపోయింది.

మొదట ఇద్దరు తాతార్లు చేతులు కట్టుకున్నారు. తర్వాత చువాష్‌లు. రష్యన్లు కాసేపు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో ఒకడు "నికనోర్ కూడా మనవాడే కదరా" అన్నాక వచ్చి గట్టు మీద కూర్చున్నారు. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. సున్నం బుడగలు వినపడుతున్నాయి.

ఎండ గుంట సగానికి వచ్చేసరికి పోలీసులు వచ్చారు. తెరెంతి ఎమాష్ వైపు వేలు చూపించాడు. చేతులు వెనక్కి కట్టారు.

అక్పతీర్ వెంట నడుస్తూ మారీలో ఏడుపుగొంతుతో అడిగాడు: "మీ అక్కకి ఏమని చెప్పనురా?"

"జరిగింది చెప్పు," అన్నాడు ఎమాష్, రష్యన్‌లోనే.

గేటు దాటుతుంటే వెనకనుంచి తెరెంతి అరుపులు వినపడ్డాయి. మధ్యాహ్నంలోగా తీయకపోతే ఒక్క తోలూ మిగలదని, ఏం కావాలో చెప్పి చావమని. గిల్మాన్ గొంతు తొందర లేకుండా, ఒక్కో మాటా వెతుక్కుంటూ జవాబిచ్చింది.

"కంచెలు. వైద్యుడు. యాకూర్. తర్వాత మీరు పట్టుకుపోయిన మనుషులు."

"ఆ ఆరుగురూ..."

"ఆరుగురు కాదు," అన్నాడు గిల్మాన్. "ఏడుగురు."