ఊపిరితిత్తుల పాఠం

హన్నా పగలు గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో నర్సు. సాయంత్రం ఇస్నాపూర్‌లోని తన కిరాయి గదిలో నర్సింగ్ చదివే ఆడపిల్లలకు పాఠాలు చెబుతుంది. బట్టీ పట్టేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. శరీరంలో ఏ భాగానికి ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పందే ముందుకు కదలదు.

మెడ కింది క్లావికిల్ ఎముక పేరుకు అర్థం లాటిన్‌లో చిన్న తాళంచెవి అని చెబితే పిల్లల మెడల కింద టిక్కుమని చప్పుడయ్యేది. మోకాలి పటెల్లా అంటే చిన్న పళ్ళెం, మనవాళ్ళు దాన్ని చిప్ప అన్నారు అంటే మోకాళ్ళు ఖంగుమనేవి. లంగ్ అన్న మాటకు మొదట్లో తేలికైనది అని అర్థం, మేక బోటీ కడిగేటప్పుడు నీళ్ళలో తేలేది అదే కదా అని చెప్పే రోజు మాత్రం ఆమె ముందే ఫ్యాన్ ఆపేసేది. పిల్లలు చాప మీంచి జానెడు పైకి లేచి, నోట్సు రాసుకుని, మెల్లగా దిగేవాళ్ళు. గోడ అవతల బియ్యం చెరిగే ఆగమ్మ కూడా చాటతో సహా లేచేది. బియ్యం ఒలకకపోతే చాలని ఆమె బాధ.

ఒక సాయంత్రం పక్క గది దశరథ్ గడపలో నిలబడి ఆ లంగ్ పాఠం విన్నాడు. అందరూ లేచారు. అతను లేవలేదు.

"పోయినేడు లేసిన గద చెల్లె," అన్నాడు. ఆ నాలుగు మాటలకే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

దశరథ్ అదే కంపెనీలో తొమ్మిదేళ్ళుగా ఘాటు రసాయనాలు వాడే సాల్వెంట్ సెక్షన్‌లో పనిచేస్తున్నాడు. ఆ ఘాటు నుంచి తప్పించి ప్యాకింగ్‌కు మార్చాలంటే కంపెనీ డాక్టరు అన్‌ఫిట్ అని రాయాలి. డాక్టర్ చంద్రకాంత్ చచ్చినా రాయడు. ఏడాదికోసారి పరీక్షలని పేరే గానీ, ముందురోజే ఫారాలన్నిటి మీదా ఫిట్ అని ముద్ర కొట్టి పెట్టుకుంటాడు. తెల్లారి పేర్లు పిలవడమే వైద్యం.

"దశరథన్న ఛాతిల పిల్లికూతలు ఇనొస్తున్నయ్ సార్," అని హన్నా మూడుసార్లు చెప్పింది.

"బీడీలు మానెయ్యమను."

"ఆయన బీడీ ముట్టడు సార్."

"అయితే దుమ్ము పడదేమో. మాస్కు పెట్టుకోమను."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. హన్నాకు తన మీద తనకే కోపం వచ్చేది.

పరీక్షల రోజు పొద్దున క్యాంటీన్‌లో వరుస కట్టారు. దశరథ్ వంతు వచ్చింది. డాక్టరు తలెత్తకుండానే, "ఫిట్. నెక్స్ట్," అన్నాడు.

హన్నా ఇక ఆగలేకపోయింది.

"ఇగ నాతోని గాదు సార్. అందరు ఇనుండ్రి! లంగ్ అంటే తేలికైనది. మనిషి లోపల గంత తేలికది ఇంకోటి లేదు. గా పేరు పెట్టినోళ్ళు, దాన్ల గీ సాల్వెంట్ నింపుతరని అనుకోలే!"

ప్యాకింగ్ వాళ్ళు లేచారు. గేటు దగ్గరి వాచ్‌మన్ లేచాడు. క్యాంటీన్ ముత్యమ్మ చాయ్ గ్లాసుల పళ్ళెంతో లేచింది. దశరథ్ లేవలేదు. అతని వెనకున్న సాల్వెంట్ సెక్షన్ వాళ్ళు పదిమందీ లేవలేదు. వాళ్ళు నేల మీద నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నైట్ షిఫ్ట్ చేసి వచ్చారు. అలసట, అంతే," అన్నాడు డాక్టరు విసుగ్గా.

"మీరు గూడ లేవలే సార్," అంది ముత్యమ్మ పైనుంచి.

చంద్రకాంత్ కుర్చీ వెనక్కి నెట్టి నిలబడ్డాడు. అతని గది సాల్వెంట్ షెడ్డు గోడకు ఆనుకునే ఉంటుంది. మడమలెత్తి చూశాడు. బూట్లు నేలను వదల్లేదు.

"మళ్ళీ చెప్పు సిస్టర్," అన్నాడు.

హన్నా మళ్ళీ చెప్పింది. పైనున్నవాళ్ళు ఇంకో బెత్తెడు లేచారు. అతను అక్కడే ఉన్నాడు.

డాక్టరు కూర్చుని దశరథ్ ఫారం వెనక్కి లాక్కున్నాడు. ఫిట్ అన్న ముద్ర మీద అడ్డంగా గీత గీసి, అన్‌ఫిట్, వెంటనే ప్యాకింగ్‌కు మార్చాలి అని రాసి సంతకం చేశాడు. మిగతా పదిమందికీ అట్లాగే రాశాడు. దశరథ్ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చింది.

"ఖాళీ ఫారం ఇంకోటుందా సిస్టర్?"

హన్నా ఇచ్చింది. పేరు దగ్గర చంద్రకాంత్ అని రాసుకున్నాడు. పరీక్షించిన వారి సంతకం దగ్గర అతని పెన్ను ఆగిపోయింది.

"గుండీలు ఇప్పుండ్రి సార్," అంది హన్నా, అతని మెడలోని స్టెతస్కోపు తీసి తన చెవులకు పెట్టుకుంటూ.