దాచిపెట్టిన రిపోర్టు

డాక్టర్ రమాకాంత్ కూతురు ఆసిమాను ఒక్కదాన్నే లోపలికి పిలిచినప్పుడే అజ్మత్ బీకి అనుమానం పుట్టింది. దగ్గు తనది. స్కానింగ్ మిషన్‌లో చేతులు పైకెత్తి పడుకున్నది తను. మరి రిపోర్టు వచ్చాక బయట బెంచీ మీద కూర్చోబెట్టింది కూడా తననే.

పావుగంటకు కూతురు బయటికొచ్చింది. ముఖం కడుక్కున్నట్టుంది, చున్నీ అంచు తడిగా ఉంది.

"ఏమన్నడు బిడ్డా?"

"ఏం లేదమ్మీ. జర నిమ్ము చేరిందట. గోలీలు రాసిండు."

"గోలీలు రాస్తానికి పావుగంట పట్టిందా?"

"నడుమ ఆయనకు ఫోనొచ్చింది," అంటూ ఆసిమా ముందు నడిచింది.

ఆసిమా బడిలో లెక్కల టీచరు. అబద్ధమాడటం దానికి చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఆడితే మెడ మీద ఎర్రగా లేస్తుంది. ఆటోలో కొత్తవాడలోని ఇంటి దాకా అజ్మత్ బీ ఆ మెడనే చూస్తూ వచ్చింది.

ఇంటికొచ్చాక అనుమానం ముదిరింది. భర్త జానీ మియా నూలుకు రంగులద్దే మనిషి, పెండ్లయిన నాటి నుంచి పొయ్యి ముఖం చూడలేదు. అట్లాంటివాడు పొద్దున్నే చాయ్ పెట్టి తెచ్చిచ్చాడు. చక్కెర మాత్రం మరిచిపోయాడు. మగ్గం మీద ఆమె సగం నేసిన జంపఖానాను చూపించి, "కొన్నాళ్లు ఆపరాదు, తొందరేమున్నది?" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆ మగ్గాన్ని ఆపమని అతను అనడం అదే మొదలు. పాలకుర్తి నుంచి చెల్లెలు వచ్చి మూడు రోజులుంది. పోయేటప్పుడు వాకిట్లో మెడ పట్టుకుని భోరుమంది.

"నిమ్ముకే గింత ఏడుస్తరా?" అని అజ్మత్ బీ అడిగితే, "ఊకెనే యాదికొస్తవు ఆపా," అని కళ్లు తుడుచుకుంది.

తను గదిలోకి పోతే చాలు, లోపల మాటలు ఆగిపోతున్నాయి.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు బీరువా తెరిచి, బట్టల మడతల కింద చెయ్యి పెట్టింది. కవరు తగిలింది. కాగితం నిండా ఇంగ్లీషు. పక్కింటి సమ్మమ్మ కూతురు అక్షర ఫార్మసీ చదువుతోంది. కవరు కొంగు చాటున పెట్టుకుని అక్కడికి పోయింది.

చదువుతూ చదువుతూ అక్షర ఒకచోట ఆగింది.

"ఆగినవేంది? చదువు."

"పెద్దమ్మా, ఆసిమక్క వచ్చినంక అడుగరాదు..."

"అది చెప్తే నీ దాంక ఎందుకొస్త? నా మీద ఒట్టు, ఉన్నదున్నట్టు చెప్పు."

అక్షర తల దించుకుంది. "ఊపిరి గొట్టం పక్కన గడ్డున్నదట. మూడు సెంటీమీటర్లు. క్యాన్సర్ కావచ్చని రాసిండ్రు. సూదితోని ముక్క తీసి చూడాల్నట."

అజ్మత్ బీ కవరును ఎక్కడిదక్కడే పెట్టేసింది. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఏడ్చింది కూడా బాత్‌రూములో, నల్లా విప్పి. తెల్లారి మళ్లీ మగ్గం ఎక్కింది. ఇనుప పళ్ల పంజాతో నూలును దంచుతుంటే ప్రతి దెబ్బా ఛాతీలోని గడ్డ మీదే పడుతున్నట్టుండేది.

పది రోజులకు పెద్ద దవాఖానకు రమ్మన్నారు. "నిమ్ము తీస్తరమ్మీ," అంది ఆసిమా. మెడ ఎర్రబడింది.

అక్కడి ఛాతీ డాక్టరు ప్రేమలత. స్కాన్ బొమ్మలను తెర మీద చాలాసేపు వెనక్కీ ముందుకీ జరిపి చూసింది. "సూది ఇప్పుడే వద్దు. నాకు ఈ బొమ్మ మీద నమ్మకం కుదరట్లేదు. ముందు ఎమ్మారై తీద్దాం," అంది.

సూది కూడా వద్దంటోందంటే పని చెయ్యి దాటిపోయిందన్నమాట, అనుకుంది అజ్మత్ బీ.

మూడో రోజు ప్రేమలత ముగ్గురినీ లోపలికి పిలిచి నవ్వుతూ చెప్పింది. "గడ్డ కాదమ్మా, ఉత్త నీటితిత్తి. పుట్టుకతో వచ్చిందే అయ్యుంటది. ఫికర్ పడాల్సిన పని లేదు."

ఆసిమా వెక్కి వెక్కి ఏడ్చింది. జానీ మియా అల్లాకు రెండు చేతులూ ఎత్తాడు. అజ్మత్ బీ మాత్రం నమ్మలేదు. మొన్న నిమ్ము అన్నారు, ఇవాళ నీళ్లంటున్నారు. ఈమెకు కూడా బిడ్డ ముందే చెప్పి పెట్టి ఉంటుంది.

"మీరిద్దరు జర బయట కూసోండి," అంది.

తలుపు పడ్డాక డాక్టరు వైపు తిరిగింది. "నా బిడ్డ నీకేం చెప్పుమన్నది మేడం?"

"ఏం చెప్పమనలేదే!"

"నాకు అంత ఎరికే. క్యాన్సరని రాసిన కాగితం నేను చదివిపిచ్చుకున్న. అబద్ధాలు ఇని ఇని పాణం ఇసిగింది. నిజం చెప్పు, తట్టుకుంట."

ప్రేమలత తెరను ఆమె వైపు తిప్పింది. "ఇదిగో మొదటి స్కాన్. దీంట్ల నీళ్లు నల్లగ కనబడాలె, కండ బూడిద రంగుల ఉంటది. నీ తిత్తిలున్న నీళ్లు పల్చగ లేవు, జిగురు లెక్క ఉన్నయి. అందుకే కండ లాగ కనబడ్డది. ఇంకోటి, నీకు నరంలకెళ్లి మందు ఎక్కించిండ్రు గద. అది ఈ పక్క నరంల చిక్కగ మెరిసి, ఆ మెరుపు చారలు తిత్తి మీద పడ్డయి. నీటితిత్తి మందు తాగదు, క్యాన్సర్ గడ్డ తాగుతది. అందుకే గడ్డనుకున్నరు."

"అయితే ఆ డాక్టరు కావాల్ననే రాసిండా?"

"లేదమ్మా. ఒక్క ఆ బొమ్మే చూస్తే నాకూ అదే భయం అయితది. ఇగ ఇది ఎమ్మారై. దీంట్ల నీళ్లు తెల్లగ కనబడతయి. వెన్నులున్న నీళ్లు చూడు, నీ తిత్తి చూడు."

అజ్మత్ బీ తెర దగ్గరికి వంగింది. దారంలో ఒక్క వన్నె తేడా వచ్చినా పట్టే కళ్లు అవి. అక్కడా ఇక్కడా ఒకటే తెలుపు.

"పక్కా క్యాన్సర్ కాదని ఒట్టేస్తవా?"

ప్రేమలత తల అడ్డంగా ఊపింది. "ఒట్టెయ్యను. బొమ్మ చూసి నూటికి నూరు పాళ్లు చెప్పలేం. నాకైతే ఇది తిత్తే. ఆరు నెలలకు మళ్లీ చూద్దాం. పెరిగితే అప్పుడు తీసేద్దాం."

ఆ మాటతో అజ్మత్ బీకి నమ్మకం కుదిరింది. దాచేవాళ్లు ఇట్లా చెప్పరు. ఇంట్లో వాళ్లు ఒక్కసారైనా 'ఏమో' అనలేదు.

"మరి నా దగ్గో?"

"ఏం పని చేస్తవ్?"

"జంపఖానాలు నేస్త."

"నూలు దుమ్ము పడక కావచ్చు. మగ్గం మీద కూసున్నప్పుడు మాస్కు పెట్టుకో, మందు వాడు, తగ్గుతదేమో చూద్దాం."

ఇంటికొచ్చాక ఆసిమా తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది. "మాఫ్ చెయ్యమ్మీ. చెప్తే తట్టుకోవనుకున్న."

"మీరు ముగ్గురు కలిసి ఏడ్చిండ్రు," అంది అజ్మత్ బీ. "నేను ఇన్ని రోజులు ఒక్కదాన్నే తట్టుకున్న. ఒక్కరన్న పక్కన కూసుంటే ఎంత మంచిగుండు!"

జానీ మియా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

ఆరు నెలలకు మళ్లీ చూపించుకున్నారు. తిత్తి వెంట్రుకవాసి కూడా పెరగలేదు. దగ్గు చాలా మట్టుకు తగ్గింది. తిరిగొస్తూ పోచమ్మ మైదాన్ దగ్గర ఆటో ఆపించి ముగ్గురూ మిర్చి బజ్జీలు తిన్నారు. దగ్గొస్తదని ఆమెను రెండోది వద్దన్నాడు జానీ మియా. ఆమె మూడు తిన్నది.